ఈత కొలనుకు గని సంపు

ఈత కొలను గీయమని చెబితే మనలో చాలామంది ముందు పొడవు, వెడల్పు, మెట్లు గీస్తారు. చుట్టూ నడిచే దారి గీస్తారు. బట్టలు మార్చుకునే గదులు గీస్తారు. అడుగున నీళ్లు బయటికి పోయే దారిని చివర్లో, టీ వచ్చే వేళకు, ఒక చిన్న చదరం పెట్టి ముగిస్తారు. నేనూ అలాగే గీశాను. ఆ చదరం కొలత అడుగు బై అడుగు. దాని గురించే ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు ఆ పనిలో ఉన్న పిల్లలకు ఉపయోగపడవచ్చు.

గోదావరి పక్క బొగ్గు గనుల కాలనీ ఒకదానిలో, సివిల్ విభాగంలో నేను ముప్పై మూడేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆడవాళ్లకు వేరే పేరు అప్పట్లో లేదు, రికార్డుల్లో ఇప్పటికీ అలాగే ఉంది. రోజూ లక్సెట్టిపేట నుంచి మొదటి బస్సులో వచ్చేదాన్ని. ఏటికొక డైరీ రాశాను. కింద ఉన్న తేదీలు, కొలతలు వాటిలోవే. జ్ఞాపకం మీద ఆధారపడి ఒక్క అంకె కూడా రాయలేదు.

కాలనీ పిల్లలకు వేసవిలో ఈత నేర్పాలని ఒక కొలను మంజూరయింది. ఇరవై అయిదు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఒక కొసన మీటరు లోతు, రెండో కొసన మీటరూ ఎనభై సెంటీమీటర్లు. సగటున మీటరూ నలభై. అంటే మూడు లక్షల యాభై వేల లీటర్లు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. జూనియర్ ఇంజనీరు పోస్టుకు పేరు పంపారు, జూన్‌లో ఇంటర్వ్యూ. ఈ కొలను బాగా వస్తే ఆ పోస్టు వస్తుందని విభాగంలో అందరూ అనుకునేవారు, నేను కూడా.

మా దగ్గర ఈత కొలను ఎవరూ కట్టలేదు. కానీ నీళ్లు తోడడంలో మాకంటే ఆరితేరినవాళ్లు ఎవరుంటారు? గనిలో ఊరే నీటిని ఇరవై నాలుగు గంటలూ తోడకపోతే గనే మునిగిపోతుంది. అందుకని పంపుల ఫోర్‌మన్‌ను సలహా అడిగాను. ఆయన భూమి లోపల ముప్పై ఏళ్లకు పైగా పంపులు నడిపినవాడు. ఏప్రిల్ ముప్పైన రిటైర్మెంటు. నేను ఆయనను కాకా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. నేను గీసిన కాగితం చూసి ఆయన ఒకటే మాట చెప్పాడు. నీళ్లన్నీ అన్నిటికంటే లోతున్న చోటికి రావాలి, అక్కడ నీళ్లు చేరే గుంట, అంటే సంపు, ఒకటే ఉండాలి, పంపు దాన్ని గట్టిగా లాగాలి, నీళ్లతోపాటు బురద కూడా అదే వస్తుంది.

అది నాకు తెలిసిన మాటే. గని సంపుల డ్రాయింగులు మా డ్రాయరులో నలభై దాకా ఉండేవి. ఒకటి తీసి, కొలతలు మార్చి, పైన పేరు మార్చి కొలనులో పెట్టాను. లోతైన కొసన ఒకటే సంపు, దాని మీద ఇనుప జాలీ, కింద ఆరంగుళాల పైపు నేరుగా పంపుకు. సంతకం పెట్టాను.

గని సంపులోకి దిగేవి నీళ్లు మాత్రమే, మనుషులు దిగరు. ఈత కొలనులో మనుషులు సంపులోనే ఆడుకుంటారు. ఇంత చిన్న తేడా మా విభాగంలో ఒక్కరికీ తట్టలేదు. గని దగ్గర పెరిగిన ఊరు కాబట్టే తట్టలేదని నా అభిప్రాయం. వేరే ఊళ్లో అయితే ఎవరో ఒకరు పుస్తకం తెరిచి చూసేవారు. మేము మాకు తెలుసనుకున్నాం.

మార్చి ఇరవై ఎనిమిది, శుక్రవారం నీళ్లు నింపారు. గనిలో తోడిన నీళ్లనే తేర్చి కొలనుకు ఇచ్చాం. ఎంత తేర్చినా వాటిలో బొగ్గు పొడి కాస్త మిగులుతుంది. మూడో రోజుకల్లా లోతు తక్కువ కొసలో రెండు మూలల్లో నల్లటి మచ్చలు తేలాయి. తెల్లటి పలకల మీద కాటుక పూసినట్టు. కొలను శుభ్రం చేసే పనికి ఒక ఆమెను వేశారు. నలభై ఏళ్లుంటాయి, భర్త గనిలో పనిచేసి పోయాడు. పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్క, అడుగున్నర చదరం, ఒక వెదురు బొంగుకు బోల్టుతో బిగించుకుని గట్టు మీద నుంచే అడుగును నెట్టేది. మచ్చలను సంపు దాకా నెట్టేది. మర్నాడు మళ్లీ వచ్చేవి.

కాకా దీనికి చెప్పిన వైద్యం గని వైద్యమే, లాగుడు చాలలేదన్నాడు. స్టోర్స్ నుంచి గనిలో వాడే పెద్ద పంపు తెచ్చి బిగించాడు. నా లెక్క ప్రకారం కొలనులో నీరంతా ఆరు గంటలకొకసారి వడపోతకు వెళ్లి తిరిగి రావడానికి గంటకు యాభై ఎనిమిది వేల మూడు వందల లీటర్ల పంపు చాలు. ఆయన తెచ్చింది గంటకు లక్ష లీటర్లది. సంపు చుట్టూ రెండు మీటర్ల మేర అడుగు అద్దంలా అయింది. మూలల్లో మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.

నీళ్లు అసలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడాలనుకున్నాను. రంగు వేస్తే తెలుస్తుంది, కానీ ఏ రంగు? పలకలకు అంటకూడదు, పిల్లల ఒంటికి పడాలి. శుభ్రం చేసే ఆమె దారి చూపింది. హోలీకి ఏరిన మోదుగ పూలు ఇంట్లో ఇంకా ఒక సంచెడు ఉన్నాయంది. ఏప్రిల్ తొమ్మిది, బుధవారం, రెండు డేగిశల్లో ఉడికించి తెచ్చింది. శుద్ధి అయిన నీళ్లు తిరిగి కొలనులోకి వచ్చే నాలుగు మూతుల దగ్గరా ఆ నారింజ రంగు పోశాం.

అది చూడవలసిన దృశ్యం. రంగు నాలుగు చారలుగా బయలుదేరి, కొలను మధ్యలో ఒకటిగా కలిసి, రోడ్డు వేసినట్టు నేరుగా సంపులోకి వెళ్లిపోయింది. పదకొండు నిమిషాలు పట్టింది. రెండు మూలలూ, పక్క గోడల వెంబడి రెండు మీటర్ల చొప్పున నీళ్లూ తెల్లగానే ఉన్నాయి. శుద్ధి అయిన నీళ్లే మళ్లీ శుద్ధికి వెళుతున్నాయి. మురికి నీళ్లు చోటు కదలడం లేదు. లాగుడు ఎంత పెంచినా ఆ రోడ్డు ఇంకా తిన్నగా అవుతుంది, అంతే. మురికిని కదిలించేది లాగే రంధ్రం కాదు, నెట్టే మూతులు. వాటి దిక్కు మార్చాలి, సంఖ్య పెంచాలి. నా మొదటి తప్పు ఇది. దీన్ని నేను హాయిగానే ఒప్పుకున్నాను. ఇలాంటి తప్పు ఒప్పుకుంటే మనిషికి పేరే వస్తుంది.

రెండో తప్పు ఏప్రిల్ పదహారున బయటపడింది.

ఆ మధ్యాహ్నం కాకా, నేను, ఇద్దరు ఫిట్టర్లు గట్టు మీద ఉన్నాం. పెద్ద పంపు నడుస్తోంది. శుభ్రం చేసే ఆమె లోతు కొసన అడుగు నెడుతుంటే బెల్టు ముక్క జాలీ మీదికి వెళ్లి ఠక్కున అతుక్కుంది. ఆమె లాగింది, రాలేదు. ఒక ఫిట్టరు చేయి వేశాడు, రాలేదు. ఇద్దరూ వేశారు. వెదురు బొంగు విల్లులా వంగింది కానీ రబ్బరు కదల్లేదు. స్విచ్ ఆపిన తరువాత దానంతట అది లేచింది.

కాకా నవ్వాడు. “చూసినవా బిడ్డా? గుంజుడంటే గిట్లుండాలె.”

ఫిట్టర్లు నవ్వారు. నేనూ నవ్వాను. డైరీలో ఆ మాట కూడా రాసి ఉంది, నేనూ నవ్వాను అని. నవ్వనిది ఒక్క ఆమే. చేయి నలుపుకుంటూ నా పక్కకు వచ్చి మెల్లగా అంది, “కట్టె ఇడ్వకపోతే నన్ను గూడ లోపటికి గుంజుతుండె మేడమ్. అండ్ల పడ్డోళ్లు ఎట్ల లేస్తరు?”

బస్సులో ఇంటికి వెళుతూ టికెట్టు వెనక లెక్క వేశాను. జాలీ ముప్పై సెంటీమీటర్ల చదరం, అంటే తొమ్మిది వందల చదరపు సెంటీమీటర్లు. దారి మూసుకుంటే ఆ పంపు మూడు మీటర్ల నీటి ఎత్తంత లాగుడు లాగగలదు, అది తక్కువ అంచనాయే. చదరపు సెంటీమీటరుకు మూడు వందల గ్రాములు. తొమ్మిది వందలతో గుణిస్తే రెండు వందల డెబ్బై కిలోలు. గుణకారం తప్పిందేమోనని మళ్లీ చేశాను. మొదట పెట్టిన చిన్న పంపుతో చేశాను. దానితోనూ దాదాపు అంతే వచ్చింది. ఎందుకంటే పట్టి ఉంచేది పంపు ఎంత నీరు తోడుతుందన్నది కాదు, దారి మూసుకున్నప్పుడు ఎంత గట్టిగా లాగుతుందన్నది. ఒకటే రంధ్రం ఉంది కాబట్టి దాన్ని ఒక ఒళ్లు కప్పిందంటే నీటికి ఇంకో దారి లేదు.

వేసవి శిబిరానికి నలభై రెండు మంది పిల్లలు పేరు ఇచ్చారు. ఆ జాబితా నా దగ్గరే ఉంది. డిస్పెన్సరీలో తీసిన బరువులతో సహా. అందులో అందరికంటే తేలికైన పాప పదిహేడు కిలోలు.

ప్రారంభం ఏప్రిల్ ఇరవై, ఆదివారం. పిలుపులు వెళ్లాయి. అదే వేదిక మీద కాకాకు సన్మానం కూడా పెట్టుకున్నారు, ఆయన స్వయంగా పంపు స్విచ్ వేస్తాడని.

పదిహేడున మా ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చినవాడు, గని లోపల పదేళ్లు చేసి సివిల్‌కు మారినవాడు, చెడ్డవాడు కాదు. లెక్క మొత్తం చూశాడు. చూసి, “ఒక్క రోజే కదమ్మా. ఆదివారం ప్రారంభించేద్దాం, సోమవారం ఏదో మరమ్మతని మూసేద్దాం. పిల్లల్ని ఆ కొసకి వెళ్లనివ్వకుండా మనిషిని పెడదాం,” అన్నాడు. తరువాత కాస్త ఆగి, జూన్ ఇంటర్వ్యూ సంగతి గుర్తు చేశాడు. బెదిరించలేదు. నా మేలు కోరే అన్నాడు. సంపు డ్రాయింగు మీద ఉన్నది నా ఒక్కదాని సంతకమే.

పద్దెనిమిదో తేదీ పేజీలో ఏమీ లేదు. నా డైరీల్లో జబ్బు చేసిన రోజులు కూడా నిండి ఉంటాయి. ఆ రోజు నాకు ఏ జబ్బూ లేదు, ఆఫీసుకు వెళ్లాను, వచ్చాను. ఆఫీసరు చెప్పినట్టు ఒక్క రోజే కదా అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అనుకుంటూ గడిపాను. పిల్లలూ, మీరు ఉద్యోగంలో ఒక తప్పు దాచే అవకాశం వస్తే, అది ఇలాగే, ఒక్క రోజు పని లాగే కనిపిస్తుంది.

పంతొమ్మిది, శనివారం, మొదటి షిఫ్టు కూత పడే వేళకు కొలను దగ్గరికి వెళ్లాను. షామియానా గుంజలు పాతుతున్నారు. రెండు వెదురు బొంగులు అడిగి తీసుకుని, కొలనులోకి దిగే మెట్ల ముందు ఇంటూ గుర్తులా అడ్డంగా కట్టాను.

దాని అర్థం బయటివాళ్లకు చెప్పాలి. గని లోపల ఒక దారి పైకప్పు చెడిందని తెలిస్తే, తెలిసినవాడు ఆ దారి మొదట్లో రెండు కట్టెలు అలా కడతాడు. ఇక ఎవరూ దాటరు. పెద్ద మేనేజరు వచ్చినా దాటడు. కట్టినవాడు వచ్చి ప్రమాదం పోయిందని చూపించి విప్పేదాకా అది అలాగే ఉంటుంది. ఆడవాళ్లను అప్పట్లో గనిలోకి పంపేవారు కాదు. నేను ఒక్కసారీ లోపలికి దిగలేదు. ఆ కట్టెలు కట్టే హక్కు నాకు లేదు, ఆ సంగతి నాకు తెలుసు.

ఎనిమిదింటికి కాకా వచ్చాడు. సన్మానానికి కుట్టించుకున్న తెల్ల అంగీని ఒకరోజు ముందే తొడుక్కుని వచ్చాడు. కట్టెలు చూసి ఆగిపోయాడు.

“ఎవలు కట్టిండ్రు గివి?”

“నేనే కట్టిన కాకా.”

“భూమిల దిగనోళ్లకు గీ కట్టెలెందుకు? ఆటనా గిది?”

షామియానా వేసేవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఆయన నన్ను అంత గట్టిగా అనడం అదే మొదలు. కానీ ఒకటి గమనించాను. మాట అంటున్నాడే తప్ప చేయి కట్టెల మీద వేయడం లేదు.

నేను లెక్క చెప్పలేదు. లెక్క చెబితే అంకెల మీద వాదం అవుతుందని తెలుసు. స్టోర్స్ నుంచి వంద కిలోల స్ప్రింగు త్రాసు ముందే తెప్పించి ఉంచాను. బెల్టు ముక్కకు బోల్టు దగ్గర తాడు కట్టి జాలీ మీదికి దింపించాను. పంపు వేశాం, అతుక్కుంది. తాడు రెండో కొస త్రాసుకు తగిలించి, లాగి చూడమని కాకానే అడిగాను. ఆయన, ఇద్దరు ఫిట్టర్లు, షామియానా మనిషి ఒకడు, నలుగురూ గట్టు మీద కాళ్లు తన్ని లాగారు. ముల్లు యాభై దాటింది, ఎనభై దాటింది, వంద దగ్గర ఆగింది. దానికి ఆపైన అంకెలు లేవు. రబ్బరు కదల్లేదు.

జాబితా ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు తేలేదు. చదవమన్నాడు. నేను పేర్లు చదవలేదు, బరువులే చదివాను. ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి, ఇరవై నాలుగు. పదిహేడు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఎత్తి ఆపాడు. వెళ్లి స్విచ్ తీశాడు.

అటు తిరిగే, “నేనే చెప్తి ఒక్క సంపు పెట్టుమని,” అన్నాడు.

“సంతకం నాది కాకా.”



పదింటికి ఆఫీసరు జీపులో వచ్చాడు. కట్టెలు చూసి ఆయన ముఖం ఎర్రబడింది. విప్పమని ఎవరికి చెప్పాలో తోచనట్టు చుట్టూ చూశాడు. అప్పుడు కాకా అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “సార్, మీరు పదేండ్లు లోపట చేసిండ్రు. కట్టిన కట్టెలు దాటుతరా?”

ఆఫీసరు దాటలేదు. ఆదివారం ప్రారంభం ఆగిపోయింది. షామియానా గుంజలు మధ్యాహ్నానికి పీకేశారు.

ఇక్కడితో అందరూ నన్ను మెచ్చుకున్నారని రాయాలని ఉంది కానీ అలా జరగలేదు. మంగళవారం నాకు సంజాయిషీ కాగితం వచ్చింది. తప్పు డ్రాయింగు ఎందుకు ఇచ్చారు, ఇచ్చాక పనయ్యేదాకా ఎందుకు చెప్పలేదు అని. రెండు ప్రశ్నలూ సరైనవే. మొదటిదానికి ఒక పేజీ రాశాను. రెండోదానికి, అప్పటిదాకా నాకే తెలియలేదని ఒక్క వాక్యం రాశాను. జూన్ ఇంటర్వ్యూకు పిలుపు రాలేదు. ఆ పోస్టు నాకు రెండేళ్ల అయిదు నెలల తరువాత వచ్చింది. కాకా సన్మానం ముప్పైన పంపుల షెడ్డులో జరిగింది. శాలువా కప్పారు. ఆయన ఏ స్విచ్చూ వేయలేదు. పంతొమ్మిది నుంచి ముప్పై దాకా ఆయన నాతో మాట్లాడలేదు. నా మీద కోపమో, తన మీద కోపమో నాకు తెలియదు. అడగలేదు.

కొలనును మళ్లీ తవ్వడానికి నలభై తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి పుస్తకాలు తెప్పించి చదివాను. ఒక సంపు తీసేసి రెండు పెట్టాను, మధ్య మూడు మీటర్ల దూరం. రెండూ ఒకే పైపులో కలుస్తాయి. ఒకదాన్ని ఒళ్లు కప్పినా నీళ్లు రెండోదానిలోంచి వెళ్లిపోతాయి, మనిషిని పట్టి ఉంచవు. జాలీలు నలభై అయిదు సెంటీమీటర్ల చదరానికి పెంచాను. పైన గుమ్మటంలా ఉబ్బు ఇచ్చాను, ఏదీ పట్టుగా అతుక్కోకుండా. ఒకటి మూసుకుపోయి మొత్తం నీరు రెండోదానిలోంచే వెళ్లినా దాని కంతల్లో వేగం సెకనుకు పదమూడు సెంటీమీటర్లే. పెద్ద పంపు స్టోర్స్‌కు తిరిగి పోయింది, మళ్లీ బిగించిన చిన్న పంపు కూడా ఇక కొలనును నేరుగా తాకదు. నీళ్లు తమ బరువుతో తామే పక్కనున్న తొట్టిలోకి దిగుతాయి, పంపు ఆ తొట్టి నుంచి తోడుకుంటుంది. సగం నీరు పైన గట్టు చుట్టూ ఉన్న కాలువలోకి పొర్లుతుంది. ఆకులు, నూనె, వెంట్రుకలు తేలేవి కాబట్టి అటు పోతాయి. నీళ్లు తిరిగి వచ్చే మూతులు నాలుగు నుంచి ఎనిమిది చేసి, అడుగుకు దగ్గరగా, మూలల వైపు వంచాను. రంగు పోసి చూస్తే ఈసారి మూలలు ముందు నారింజ అయ్యాయి. బొగ్గు పొడి మూడు రోజుల్లో దానంతట అది సంపులకు చేరింది. లాగుడు మునుపటిలో మూడో వంతు కూడా లేదు.

జూన్ ఎనిమిది, ఆదివారం, మెట్ల ముందు కట్టెలు నేనే విప్పాను. వేదికా, పిలుపులూ ఏమీ లేకుండా కొలను తెరిచాం. బడులు తెరవడానికి నాలుగు రోజులే ఉన్నాయి. అయినా నలభై రెండు మందిలో ముప్పై ఆరుగురు వచ్చారు. మెట్ల దగ్గర వరుసలో నిలబడ్డారు. పదిహేడు కిలోల పాప మూడోది. నేను పంపు గదిలో, నడుస్తున్న పంపు స్విచ్ మీద చేయి పెట్టుకుని నిలబడ్డాను. తలుపు తీసి ఉంది, కొలను మొత్తం కనిపిస్తుంది.

అప్పుడు కాకా వచ్చాడు. రిటైరయ్యాక ఇంటిల్లిపాదితో కొండగట్టు గుడికి వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. గుండు నున్నగా ఉంది. పిల్లల వరుసను చేయి అడ్డం పెట్టి ఆపాడు.

“ఆగుండ్రి. ముందుగాల నేను దిగుత.”

శుభ్రం చేసే ఆమె ముసిముసిగా నవ్వింది. “గుండు మంచిగనే చేయించుకున్నవ్ పటేలా. జుట్టు గుంజుకుంటదన్న ఫికర్ లేదు.”

“గందుకే చేయించిన,” అన్నాడు.

అంగీ తీసి, లాగు మీద దిగాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడు, ఈత ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. లోతు కొసన మునిగాడు. జాలీ మీద పొట్ట ఆనించి, చేతులు రెండు వైపులా చాపి పడుకున్నాడు. నీళ్లు తేటగా ఉన్నాయి, గుండు, వీపు స్పష్టంగా కనబడుతున్నాయి. నేను లెక్కపెట్టాను. పిల్లలు కూడా గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు, నాకంటే వేగంగా. నేను గడియారం చూసి లెక్కపెట్టాను.

ఇరవై రెండు సెకన్ల తరువాత చేతులు కింద ఆనించి, మంచం మీది నుంచి లేచినట్టు లేచి పైకి వచ్చాడు. ముక్కు చీదుకున్నాడు. రెండో జాలీ దగ్గరికి వెళ్లి మళ్లీ మునిగాడు. అక్కడా అంతసేపే ఉన్నాడు. పైకి వచ్చి గట్టు పట్టుకుని పంపు గది వైపు చూశాడు. యాభై రోజుల తరువాత నాతో ఆయన మొదటి మాట అది.

“ఏం పట్టలే బిడ్డా. ఇగ పిల్లలను దింపు. స్విచ్ మీదికెల్లి చెయ్యి తియ్ జర, నీ లెక్క మీద నీకే నమ్మకం లేకపోతె ఎట్ల?”

పిల్లలు ఒకరి తరువాత ఒకరు దిగారు. నా లెక్క సరైనదే. నాలుగుసార్లు చూసుకున్నాను, ఇప్పుడు మళ్లీ చూసుకున్నా సరైనదే. ఆ రోజు శిబిరం గంటా పది నిమిషాలు నడిచింది. ముప్పై ఆరో పిల్ల గట్టెక్కి తువాలు కప్పుకునేదాకా నేను స్విచ్ మీద నుంచి చేయి తీయలేదు.